పద్దెనిమిది పార్లు: ఫాల్డో గెలిచాడా, ఎదుటివాళ్లు ఓడారా?

(స్టూడియో చర్చ పాఠం. పాల్గొన్నవారు: క్రీడా పాత్రికేయురాలు, గోల్ఫ్ నేర్పే కోచ్, గోల్కొండ కోట పక్క మైదానంలో చాలా ఏళ్లుగా ఆడుతున్న విశ్రాంత బ్యాంకు అధికారి.)

వ్యాఖ్యాత: నమస్కారం. గోల్ఫ్ మీద చర్చ పెడదామంటే మా ఆఫీసులో కొందరు నవ్వారు. "ఈ రోజు క్రికెట్ మ్యాచ్ ఏదీ లేదు కదా, కానివ్వండి" అని అనుమతి ఇచ్చారు. కాబట్టి కానిద్దాం. మన విషయం సర్ నిక్ ఫాల్డో. ఇంగ్లండ్ ఆటగాడు. బ్రిటిష్ ఓపెన్ మూడుసార్లు, 1987, 1990, 1992లో గెలిచాడు. అమెరికాలో అగస్టా మైదానంలో జరిగే మాస్టర్స్ కూడా మూడుసార్లే, 1989, 1990, 1996లో. మొత్తం ఆరు మేజర్లు, అంటే గోల్ఫ్‌లో అన్నిటికంటే పెద్ద పోటీలు. మొదటి ప్రశ్నకు ముందు, కోచ్ గారూ, క్రికెట్ మాత్రమే చూసే మా ప్రేక్షకుల కోసం లెక్క ఒకసారి చెప్పండి.

కోచ్: తేలిక. ప్రతి హోల్‌కూ ఇన్ని దెబ్బల్లో బంతిని గుంటలో వేయాలని ఒక లెక్క ఉంటుంది. అది పార్. ఒక దెబ్బ తక్కువలో వేస్తే బర్డీ, ఒకటి ఎక్కువైతే బోగీ. పద్దెనిమిది హోల్స్ కలిపి ఒక రౌండు. పెద్ద పోటీల్లో నాలుగు రోజులు, నాలుగు రౌండ్లు. ఎవరి దెబ్బలు తక్కువైతే వారు విజేత. ఎక్కువ పరుగులు చేసినవాడు గెలిచే ఆటకు అలవాటు పడినవాళ్లు స్కోరు బోర్డును తలకిందులుగా చదువుకోవాలి.

వ్యాఖ్యాత: బాగుంది. మేడమ్, కార్యక్రమానికి ముందు టీ తాగుతూ మీరొక మాట అన్నారు. అది కెమెరా ముందు కూడా అంటారా?

పాత్రికేయురాలు: అంటాను. ఫాల్డో గొప్ప ఆటగాడే, కాదనను. కానీ ఆ ఆరు మేజర్ల ఆఖరి గంటలను వరసగా చూడండి. 1987 బ్రిటిష్ ఓపెన్‌లో, మ్యూర్‌ఫీల్డ్ మైదానంలో, ఇంకా రెండు హోల్స్ ఉండగా అమెరికా ఆటగాడు పాల్ అజింగర్ ఒక దెబ్బ ముందున్నాడు. ఆ రెండు హోల్స్‌లోనూ బోగీ చేశాడు. 1989 మాస్టర్స్‌లో దెబ్బలు సమానమైతే విజేతను తేల్చడానికి ఆడే ప్లేఆఫ్‌లో స్కాట్ హోక్ రెండడుగుల చిల్లర దూరం నుంచి బంతిని గుంటలోకి తోస్తే చాలు, గెలిచేవాడు. తోయలేకపోయాడు. 1990 మాస్టర్స్‌లో రేమండ్ ఫ్లాయిడ్ ప్లేఆఫ్‌లో బంతిని చెరువులో వేశాడు. 1992లో జాన్ కుక్ పదిహేడో హోల్ దగ్గర చిన్న పట్, అంటే బంతిని గుంటలోకి తోసే దెబ్బ, తప్పి, పద్దెనిమిదో హోల్ దగ్గర బోగీ చేశాడు. 1996లో ఆస్ట్రేలియా ఆటగాడు గ్రెగ్ నార్మన్ సంగతి నేను చెప్పనక్కర్లేదు, ప్రపంచమంతా చూసింది. ఆరింట్లో అయిదు. ఎదుటివాడు తడబడితే ఆ ట్రోఫీ ఈయన ఇంటికి వచ్చింది. నేను అడిగేది ఒక్కటే. దీన్ని గెలుపు అందామా, మిగిలిపోవడం అందామా?

బ్యాంకు అధికారి: అమ్మా, మిగిలిపోవడం అంత తేలికైన పనా?

పాత్రికేయురాలు: తేలిక అనలేదండీ. పేరు వేరు అన్నాను.

కోచ్: ఒక్క నిమిషం. ఆ అయిదు పేర్లూ మేడమ్ సరిగ్గానే చెప్పారు. కానీ ఆ అయిదుసార్లూ ఎదుట నిలబడింది ఒకే మనిషి. దీన్ని కాకతాళీయం అనుకోవడానికి నాకు మనసొప్పదు. కాకి వాలగానే తాటిపండు ఒకసారి పడుతుంది, అయిదుసార్లు పడదు.

(నవ్వులు)

వ్యాఖ్యాత: 1987 ఆదివారంతోనే మొదలుపెడదాం. సార్, ఆ రోజు గురించి మీరు చెప్పాలి.

బ్యాంకు అధికారి: మ్యూర్‌ఫీల్డ్ స్కాట్లాండ్‌లో, ఎడిన్‌బరోకు తూర్పున సముద్రం పక్కన ఉంటుంది. ఆ రోజు చలి, పొగమంచు. ఎదురుగా ఉన్న జెండా కూడా సరిగ్గా కనిపించని వాతావరణం. ఫాల్డో మొదటి హోల్ దగ్గర పార్ చేశాడు. రెండో హోల్ దగ్గర పార్. మూడు, నాలుగు, అయిదు, అలా పద్దెనిమిది వరకు ఒక్క బర్డీ లేదు, ఒక్క బోగీ లేదు. పద్దెనిమిదికి పద్దెనిమిది పార్లు. 71 దెబ్బలు. నాలుగు రోజుల మొత్తం 279. అజింగర్ మీద, ఆస్ట్రేలియా ఆటగాడు రోజర్ డేవిస్ మీద ఒకే ఒక్క దెబ్బ తేడా.

వ్యాఖ్యాత: అంటే చూడటానికి...

బ్యాంకు అధికారి: చూడటానికి విసుగే. నేను ఒప్పుకుంటాను. చప్పట్లు కొట్టాల్సిన ఘట్టం ఒక్కటీ లేదు. కానీ ఆ వాతావరణంలో, మొదటి మేజర్ చేతికందే దూరంలో ఉన్నప్పుడు, ఒక్క దెబ్బ కూడా పారేసుకోకుండా పద్దెనిమిది గుంటలు దాటడం ఉందే, నేను నలభై ఏళ్లు బ్యాంకులో చేసిన పని అదే. సాయంత్రానికి లెక్క ఒక్క పైసా తేడా లేకుండా కుదరాలి. కుదిరితే ఎవరూ మెచ్చుకోరు.

పాత్రికేయురాలు: నన్ను మెప్పించడానికి మీరు బ్యాంకును తెచ్చారు. అయినా ఆఖర్న అయిదడుగుల పట్ దగ్గర ఆయన చేతులు ఎలా ఉన్నాయో చూడండి. అది లోపలికి పడింది కాబట్టి ఈ కథ ఉంది.

కోచ్: అది లోపలికి పడటానికి ముందు రెండేళ్ల కథ ఉంది. నేను ఈ చర్చకు వచ్చిందే ఆ రెండేళ్ల గురించి మాట్లాడటానికి.

వ్యాఖ్యాత: మాట్లాడండి, ఎవరూ అడ్డురారు.

కోచ్: వెనక్కి వెళ్లాలి. ఫాల్డో 1957లో లండన్‌కు ఉత్తరాన వెల్విన్ గార్డెన్ సిటీలో పుట్టాడు. తల్లిదండ్రులకు ఒక్కడే కొడుకు. 1971లో టీవీలో మాస్టర్స్ పోటీ చూశాడు. అందులో అమెరికా దిగ్గజం జాక్ నిక్లాస్‌ను చూసి గోల్ఫ్ ఆడతానన్నాడు. అప్పటికి పదమూడేళ్లు. ఊళ్లో క్లబ్బులో ఇయాన్ కానలీ అనే కోచ్ దగ్గర చేరాడు. నాలుగేళ్లు తిరగకుండా, 1975లో, ఇంగ్లిష్ అమెచ్యూర్ ఛాంపియన్ అయ్యాడు. నాలుగేళ్లు! నా దగ్గర నాలుగేళ్ల నుంచి నేర్చుకుంటున్న పిల్లలు ఇంకా గ్రిప్, అంటే కర్ర పట్టుకునే తీరు, గురించి నాతో వాదిస్తున్నారు.

బ్యాంకు అధికారి: పిల్లలే కాదు, నేనూ వాదిస్తున్నాను.

కోచ్: మీతో వాదన ఎప్పుడో మానేశాను సార్. (నవ్వులు) అమెరికాలో హ్యూస్టన్ విశ్వవిద్యాలయానికి వెళ్లి, కొన్ని వారాలకే తిరిగొచ్చేశాడు. 1976లో ప్రొఫెషనల్ అయ్యాడు. 1977లో ఇరవై ఏళ్లకే రైడర్ కప్ అనే జట్ల పోటీలో ఆడాడు. అప్పట్లో అది బ్రిటన్, ఐర్లండ్ ఒకవైపు, అమెరికా ఒకవైపు. తర్వాత యూరప్ మొత్తం ఒకవైపు అయింది. తోటి ఇంగ్లండ్ ఆటగాడు ఓస్టర్‌హ్యూస్‌తో కలిసి నిక్లాస్, ఫ్లాయిడ్ జోడీని ఓడించాడు. ఏ నిక్లాస్‌ను టీవీలో చూసి ఆట మొదలుపెట్టాడో ఆ నిక్లాస్‌ను. సింగిల్స్‌లో ఆ ఏడాది బ్రిటిష్ ఓపెన్ ఛాంపియన్ టామ్ వాట్సన్‌ను ఓడించాడు. ఆడిన మూడు మ్యాచ్‌లూ గెలిచాడు. 1983లో యూరోపియన్ టూర్‌లో అయిదు టైటిళ్లు గెలిచి, డబ్బు పట్టికలో మొదటి స్థానం. 1984లో అమెరికాలో హిల్టన్ హెడ్ పోటీ గెలిచాడు. ఇక్కడ ఆపి ఆలోచించండి. ఇరవై ఏడేళ్ల వయసు. డబ్బుంది, పేరుంది. ఇలాంటి మనిషి ఏం చేస్తాడు?

వ్యాఖ్యాత: ఉన్నదాన్ని కాపాడుకుంటాడు.

కోచ్: ఈయన ఉన్నదాన్ని కూల్చేశాడు. డేవిడ్ లెడ్‌బెటర్ అనే కోచ్ దగ్గరికి వెళ్లి, నా స్వింగ్, అంటే కర్ర ఊపి బంతిని కొట్టే తీరు, మొత్తం విప్పి మళ్లీ కట్టమన్నాడు. అది 1985.

పాత్రికేయురాలు: ఎందుకన్నది కూడా చెప్పాలి. ఆయన ఊరికే కూల్చలేదు. 1983 ఓపెన్‌లో ఆఖరి రోజు ముందంజలో ఉండి జారిపోయాడు. 1984 మాస్టర్స్‌లో ఆఖరి రోజు అవకాశం ఉండగా 76 ఆడాడు. ఇంగ్లండ్ పత్రికలవాళ్లు ఫాల్డో పేరును ఫోల్డో అని మార్చారు. మడత పడిపోయేవాడు అని. మా వృత్తిలో ఇలాంటి మాటలు ఒక్క పూటలో పుడతాయి, మనిషిని పదేళ్లు వెంటాడతాయి.

కోచ్: నిజమే. కానీ పత్రికలు వెక్కిరిస్తే చాలామంది మనస్తత్వ నిపుణుల దగ్గరికి వెళ్తారు. ఈయన లోపం మనసులో లేదు, స్వింగ్‌లో ఉంది అని నమ్మాడు. అది నాకు నచ్చుతుంది. ఆయన ఆరడుగుల మూడంగుళాల మనిషి. పాత స్వింగ్ చూడటానికి ఎంతో అందంగా ఉండేది. చేతులు నిటారుగా పైకి లేచేవి, కిందికి వచ్చేటప్పుడు మోకాళ్లు ముందుకు జారేవి. ఆ జారుడులో ఒక లయ ఉంది. లయ కుదిరిన వారం ఎవరికీ అందడు. కానీ ఒత్తిడిలో మనిషిలో మొట్టమొదట చెడేది లయే. పైగా బంతి మరీ ఎత్తుకు లేచేది. విశాఖలో సముద్రపు గాలికి ఆడినవాళ్లకు ఆ బాధ వివరించనక్కర్లేదు. బంతి గాల్లో ఎంతసేపు ఉంటే గాలి దాన్ని అంత ఎక్కువగా తన ఇష్టం వచ్చినట్టు ఆడిస్తుంది. స్కాట్లాండ్ తీరంలో ఓపెన్ గెలవాలంటే బంతి కిందుగా, తిన్నగా పోవాలి.

వ్యాఖ్యాత: లెడ్‌బెటర్ ఏం మార్చాడు?

కోచ్: కాళ్ల హడావుడి తగ్గించాడు. నడుము, ఛాతీ, చేతులు ఒకదానితో ఒకటి కలిసి తిరిగేలా చేశాడు. చేతుల మీద ఆధారపడే స్వింగ్‌ను ఒంటి మీద ఆధారపడే స్వింగ్‌గా మార్చాడు. చెప్పడానికి మూడు వాక్యాలు. చేయడానికి రెండేళ్లు. రోజుకు వందల బంతులు. అరచేతులు పగిలిపోతాయి. కొత్త కదలిక ఇంకా ఒంటికి పట్టదు, పాతది పోయి ఉంటుంది. మధ్యలో ఉన్న ఆ కాలం ఉంది చూశారూ, అప్పుడు నిన్నటిదాకా మీరు ఓడించినవాళ్లందరూ మిమ్మల్ని ఓడిస్తారు.

బ్యాంకు అధికారి: సంతకం మార్చుకోవడం లాంటిది. బ్యాంకులో చూశాను కదా. ఇరవై ఏళ్లు పెట్టిన సంతకం మార్చుకుంటే ఏడాదిపాటు చెక్కులు తిరిగొస్తూనే ఉంటాయి. చేయి పాతదాన్ని మరచిపోదు.

కోచ్: సరిగ్గా అదే. ఆయన చెక్కులు మూడేళ్లు తిరిగొచ్చాయి. 1984 తర్వాత మళ్లీ టైటిల్ వచ్చింది 1987 మే నెలలో, స్పానిష్ ఓపెన్‌లో. రెండు నెలలకు మ్యూర్‌ఫీల్డ్, ఆ పద్దెనిమిది పార్లు. ఇప్పుడు మేడమ్ అడిగిన ప్రశ్నకు వస్తాను. అజింగర్ పదిహేడో హోల్ దగ్గర బంతిని బంకర్‌లో, అంటే ఇసుక గుంటలో, వేశాడు. ఫాల్డో వేయలేదు. ఎందుకు వేయలేదు? ఒత్తిడిలో చెడిపోయే భాగాన్ని ముందే తన ఆటలోంచి తీసి పారేశాడు కాబట్టి. అదృష్టం మ్యూర్‌ఫీల్డ్‌లో రాలేదు. రెండేళ్ల ముందు నుంచి ఆయనే దాన్ని తయారు చేసుకుంటూ వచ్చాడు.

పాత్రికేయురాలు: ఇది మంచి వాదన. దీనికి నా దగ్గర వెంటనే జవాబు లేదు.

వ్యాఖ్యాత: వీక్షకులు గమనించాలి, చర్చా కార్యక్రమంలో ఒకరు "జవాబు లేదు" అన్నారు. (నవ్వులు)

పాత్రికేయురాలు: వెంటనే లేదన్నాను. 1989 దగ్గరికి రండి. మాస్టర్స్ మూడో రౌండులో ఈ ఒత్తిడికి చెడని స్వింగ్ 77 ఆడింది. అది మడత కాదా?

కోచ్: మర్నాడు 65 ఆడింది.

పాత్రికేయురాలు: ఆడింది. దానికి నమస్కారం. ఆ తర్వాత ప్లేఆఫ్. పదో హోల్ దగ్గర ఫాల్డో బంకర్‌లో పడి బోగీ చేశాడు. హోక్ ముందు ఆ చిన్న పట్ ఉంది. చుట్టూ తిరిగాడు, అటు చూశాడు, ఇటు చూశాడు, మళ్లీ చూశాడు. అంతసేపు చూస్తే రెండడుగులు ఇరవై అడుగులవుతాయి. తప్పిపోయింది. పదకొండో హోల్ దగ్గరికి వెళ్లేసరికి వాన, మసక చీకటి. ఫాల్డో ఇరవై అయిదు అడుగుల నుంచి బర్డీ పట్ వేసి గెలిచాడు.

బ్యాంకు అధికారి: చూశారా, మీ నోటితోనే చెప్పారు. హోక్ తప్పడం ఒకటి, ఆ చీకట్లో ఇరవై అయిదు అడుగులు వేయడం ఒకటి. మొదటిది ఫాల్డో చేతిలో లేదు. రెండోది ఆయనదే.

పాత్రికేయురాలు: సరే, సగం ఇస్తాను.

వ్యాఖ్యాత: సగం మేజర్! 1990కి వెళ్దామా?

కోచ్: మరుసటి ఏడాది మళ్లీ మాస్టర్స్, మళ్లీ ప్లేఆఫ్, మళ్లీ పదకొండో హోల్. ఆరు హోల్స్ మిగిలి ఉండగా ఫ్లాయిడ్ నాలుగు దెబ్బలు ముందున్నాడు. ఫాల్డో పదమూడు, పదిహేను, పదహారు హోల్స్‌లో బర్డీలు చేసి వెంటబడ్డాడు. మాస్టర్స్ వరసగా రెండేళ్లు గెలిచినవాళ్లు అప్పటికి నిక్లాస్ ఒక్కడే. ఫాల్డో రెండోవాడు. ఆ ఏడాది నుంచే స్వీడన్ అమ్మాయి ఫానీ సూనెసన్ ఆయనకు కేడీ. పురుషుల మేజర్ గెలిచిన ఆటగాడి సంచి మోసిన మొదటి మహిళ ఆమె. సంచి మోయడం అంటున్నాను కానీ, దూరం కొలిచేది కేడీ, గాలి చూసేది కేడీ, తప్పు కర్ర తీస్తే చేయి పట్టుకునేది కేడీ. మాటలు తక్కువైన ఫాల్డో పక్కన నవ్వుతూ కబుర్లు చెప్పే ఆమె సరిగ్గా అమరింది. ఆరు మేజర్లలో నాలుగింటికి పక్కన ఉన్నది ఆమే.

బ్యాంకు అధికారి: ఆ సంవత్సరం సెయింట్ ఆండ్రూస్‌లో జరిగిన బ్రిటిష్ ఓపెన్ మరచిపోకండి. మేడమ్ లెక్కలో లేని ఆరోది అదే. రెండు రౌండ్ల తర్వాత ఫాల్డో, నార్మన్ సమానం. శనివారం ఇద్దరూ కలిసి ఆడారు. ఫాల్డో 67, నార్మన్ 76. ఆదివారం ఇక పోటీయే లేదు. మొత్తం మీద పార్ కంటే 18 దెబ్బలు తక్కువ, రెండో స్థానానికి అయిదు దెబ్బల తేడా. నార్మన్ ఆ శనివారాన్ని మరచిపోయి ఉంటాడా? ఆరేళ్ల తర్వాత అగస్టాలో మళ్లీ అదే మనిషి పక్కన నడవాల్సి వచ్చింది.

వ్యాఖ్యాత: అక్కడికి వస్తాం. ఆ ఏడాదే ప్రపంచ నంబర్ వన్ అయ్యాడు కదా?

కోచ్: అవును, మొత్తం మీద 97 వారాలు ఆ స్థానంలో ఉన్నాడు. యూరోపియన్ టూర్‌లో 30 విజయాలు, అమెరికా టూర్‌లో 9. లెక్కలు ఇంతటితో చాలు.

పాత్రికేయురాలు: 1992 మ్యూర్‌ఫీల్డ్ గురించి నేను చెప్తాను. నాకు ఆయన మీద కొంచెం ప్రేమ పుట్టింది అక్కడే. ఆదివారం నాలుగు దెబ్బల ఆధిక్యంతో మొదలుపెట్టి, నాలుగు హోల్స్ మిగిలేసరికి కుక్ కంటే రెండు వెనకబడ్డాడు. అంటే ఈసారి తడబడింది ఫాల్డోనే. ఆయన్ను మర యంత్రం అనేవాళ్లు కదా, అది ఆగిపోయింది. అప్పుడు పదిహేనో హోల్ దగ్గర బంతిని జెండాకు మూడడుగుల దూరంలో ఆపి బర్డీ, పదిహేడో హోల్ దగ్గర ఇంకో బర్డీ. కుక్ జారాడు, నిజమే. గెలిచాక ఫాల్డో ఏడ్చాడు. 1987లో పద్దెనిమిది పార్లు చేసిన మనిషి బహిరంగంగా కన్నీళ్లు పెట్టుకున్నాడు. ఆ తర్వాత మైకు ముందు పాట పాడాడు. పత్రికలవాళ్లకు గుండె లోతుల నుంచి ధన్యవాదాలు చెప్పాల్సిన చోట, ఇంగ్లిషులో ఆ రెండు మాటలనూ తారుమారు చేసి చెప్పాడు. ఆ లోతు ఇంకో శరీర భాగం అయిపోయింది. తెలుగులో వివరిస్తే మీ ఛానల్‌కు నోటీసు వస్తుంది.

(నవ్వులు)

వ్యాఖ్యాత: ఫోల్డో అన్నందుకు తొమ్మిదేళ్ల బాకీ.

పాత్రికేయురాలు: వడ్డీతో సహా. అయితే దాని ఖర్చు కూడా ఉంది. ఆయనకు తోటి ఆటగాళ్లలో స్నేహితులు తక్కువ. మైదానంలో పక్కవాడితో మాట్లాడేవాడు కాదు. స్పెయిన్ ఆటగాడు బల్లెస్టెరోస్‌ను జనం ప్రేమించారు, ఫాల్డోను గౌరవించారు. రెండూ ఒకటి కాదు.

బ్యాంకు అధికారి: మన భాషలో చెప్పాలంటే లక్ష్మణ్ మణికట్టు, ద్రావిడ్ డిఫెన్సు. లక్ష్మణ్ ఫ్లిక్ కొడితే మనం లేచి నిలబడతాం. ద్రావిడ్ బంతిని వదిలేస్తే టీ కలుపుకోవడానికి వెళ్తాం. తిరిగొచ్చేసరికి ఆయన ఇంకా అక్కడే ఉంటాడు.

కోచ్: నేను టీకి వెళ్లేవాణ్ణి కాదు సార్. బంతి వదిలేయడం చూడటానికే కూర్చునేవాణ్ణి.

వ్యాఖ్యాత: ఇక 1996. మాస్టర్స్ ఆఖరి రోజు.

బ్యాంకు అధికారి: మొదటి రోజే నార్మన్ 63 ఆడాడు. అది అగస్టా మైదానం రికార్డుతో సమానం. ఆదివారం ఉదయానికి ఆరు దెబ్బలు ముందు. రెండో స్థానంలో ఫాల్డో. ఆరు దెబ్బలంటే ఇక కోటు కొలతలు తీసుకోవడమే మిగిలింది అనుకుంటారు. మాస్టర్స్ గెలిచినవాళ్లకు ఆకుపచ్చ కోటు ఇస్తారు కదా.

కోచ్: అక్కడ నుంచి మీరు చూడాల్సింది నార్మన్‌ను కాదు. అందరూ నార్మన్‌ను చూశారు. తొమ్మిదో హోల్ దగ్గర బంతి గ్రీన్ మీద, అంటే గుంట చుట్టూ ఉండే నున్నటి గడ్డి మీద, పడి వెనక్కి దొర్లి కిందికి వచ్చేసింది, బోగీ. పదో హోల్ బోగీ. పదకొండు బోగీ. పన్నెండులో నీళ్లు, రెండు దెబ్బలు నష్టం. ఆరు దెబ్బల ఆధిక్యం ఆవిరైంది, ఫాల్డో రెండు ముందుకు వచ్చాడు. ఈ మధ్యలో ఫాల్డో ఏం చేశాడు? తన ముఖం మార్చలేదు. నడక వేగం మార్చలేదు. బంతిని గ్రీన్ మధ్యలో పెట్టడం, రెండు పట్‌లలో వేయడం. నార్మన్ ప్రతిసారి తల ఎత్తి చూస్తే అదే నడక, అదే ముఖం. సెయింట్ ఆండ్రూస్ శనివారం కూడా అదే ముఖం.

పాత్రికేయురాలు: సరే, పదమూడో హోల్ చెప్పండి. మీరు దాని కోసమే ఎదురు చూస్తున్నారని తెలుసు.

కోచ్: చెప్తాను. పదమూడో హోల్‌కు పార్ అయిదు దెబ్బలు. గ్రీన్ ముందు వాగు. రెండో దెబ్బతో వాగు దాటించి గ్రీన్ ఎక్కించాలా, ముందే ఆగి మూడో దెబ్బతో ఎక్కించాలా అన్నది ప్రశ్న. రెండు ముందున్నవాడు ఆగవచ్చు, ఎవరూ తప్పుపట్టరు. ఫాల్డో మొదట 5 వుడ్ అనే కర్ర తీశాడు. బంతి పడి ఉన్న వాలు చూసి, కాళ్లు సర్దుకుని, మళ్లీ సంచి దగ్గరికి వచ్చి దాన్ని లోపల పెట్టేశాడు. 2 ఐరన్ అనే కర్ర తీశాడు. ఆ రోజుల్లో కూడా 2 ఐరన్ అంటే మంచి ఆటగాళ్లకు భయం. బంతిని తాకే దాని ముఖం సన్నగా, వాలు దాదాపు లేకుండా ఉంటుంది. అరంగుళం తేడా వస్తే బంతి నీళ్లలో. రెండు వందల గజాల పైచిలుకు దూరం. బంతి వాగు దాటి గ్రీన్ మీద వాలింది. బర్డీ.

బ్యాంకు అధికారి: నార్మన్ కూడా అక్కడ బర్డీ చేశాడు. పదిహేనులోనూ ఇద్దరికీ బర్డీలే. అక్కడ నార్మన్ దగ్గర నుంచి కొట్టిన చిన్న దెబ్బ, చిప్, గుంట అంచును తాకేటట్టు వెళ్లి తప్పిపోతే నేల మీద పడిపోయాడు పాపం. పదహారులో మళ్లీ నీళ్లు. అక్కడితో అయిపోయింది. ఆఖరికి ఫాల్డో 67, నార్మన్ 78. పదకొండు దెబ్బల తేడా ఒక్క రోజులో. పద్దెనిమిదో గ్రీన్ మీద ఫాల్డో చేసిన మొదటి పని నార్మన్‌ను గట్టిగా కౌగిలించుకోవడం. నాకు ఆ ఆరు మేజర్లలో మనసులో నిలిచిపోయిన దృశ్యం అది.

పాత్రికేయురాలు: అది నేనూ ఒప్పుకుంటాను. ఎదుటివాడి పతనం ఎలా ఉంటుందో ఆయనకు తెలుసు. పదమూడేళ్ల ముందు ఆ స్థానంలో తానే ఉన్నాడు.

వ్యాఖ్యాత: రైడర్ కప్ మీద క్లుప్తంగా.

కోచ్: పదకొండుసార్లు ఆడాడు, 1977 నుంచి 1997 వరకు. 46 మ్యాచ్‌ల్లో 23 గెలుపు, 25 పాయింట్లు. యూరప్ తరఫున ఆ రికార్డును 2018లో సెర్హియో గార్సియా దాటేదాకా ఎవరూ అందుకోలేదు. 1995లో ఓక్ హిల్‌లో కర్టిస్ స్ట్రేంజ్ మీద గెలుపు ఒక్కటి చూస్తే చాలు. ఆఖరి హోల్ దగ్గర 93 గజాల నుంచి వెడ్జ్ అనే కర్రతో బంతిని నాలుగైదు అడుగుల దూరంలో పెట్టి, ఆ పట్ వేశాడు. ఏడేళ్ల క్రితం, 1988 యుఎస్ ఓపెన్ ప్లేఆఫ్‌లో తనను ఓడించింది ఆ స్ట్రేంజే. యూరప్ ఒక్క పాయింటు తేడాతో కప్ గెలిచింది.

పాత్రికేయురాలు: కెప్టెన్‌గా మాత్రం తేలిపోయాడు. 2008 వాల్‌హాల్లాలో యూరప్ 16½–11½తో ఓడింది. బలమైన ఆటగాళ్లను ఆఖరి రోజు వరసలో చివర పెట్టాడు. వాళ్ల వంతు వచ్చేలోపే అమెరికా గెలిచేసింది. తన ఆటను విప్పి కట్టుకోగలిగిన మనిషి, పన్నెండు మంది మనసులను కలిపి కట్టలేకపోయాడు.

బ్యాంకు అధికారి: ఇయాన్ పౌల్టర్‌ను తీసుకున్నందుకు ఆయన్ను తిట్టారు కదా. ఆ జట్టులో అందరికంటే ఎక్కువ పాయింట్లు తెచ్చింది పౌల్టరే. అది కూడా చెప్పాలి.

పాత్రికేయురాలు: చెప్పాలి. మీరు చెప్పారు.

వ్యాఖ్యాత: తర్వాతి జీవితం?

పాత్రికేయురాలు: అదే వింత. మైదానంలో నోరు విప్పని మనిషి, 2022 వరకు అమెరికా టీవీలో ప్రధాన వ్యాఖ్యాతగా వారం వారం మాట్లాడాడు. జోకులు కూడా వేశాడు. 2009లో సర్ బిరుదు వచ్చింది. 1996లోనే పిల్లల కోసం ఫాల్డో సిరీస్ పోటీలు మొదలుపెట్టాడు. రోరీ మెకిల్‌రాయ్, తైవాన్ అమ్మాయి యానీ త్సెంగ్ చిన్నప్పుడు అందులో ఆడినవాళ్లే. మాస్టర్స్‌లో ఫాల్డో తర్వాత మరో ఇంగ్లండ్ ఆటగాడు గెలవడానికి ఇరవై ఏళ్లు పట్టింది. 2016లో డానీ విల్లెట్.

బ్యాంకు అధికారి: 2015లో సెయింట్ ఆండ్రూస్‌లో ఓపెన్‌కు వీడ్కోలు చెప్పేటప్పుడు, పద్దెనిమిదో హోల్ ముందున్న ఆ చిన్న రాతి వంతెన మీద ఆగి స్వెటర్ వేసుకున్నాడు. 1987లో మ్యూర్‌ఫీల్డ్‌లో వేసుకున్న స్వెటరే. ఇరవై ఎనిమిదేళ్లు బీరువాలో దాచుకున్నాడు. పట్టింది కూడా!

కోచ్: నాకు నిరుడు కుట్టించిన చొక్కా పట్టడం లేదు.

వ్యాఖ్యాత: ఒక వీక్షకుడి ఫోన్ ఉంది. పటాన్‌చెరు నుంచి. తన కొడుకు వయసు పదిహేను, పోటీలు గెలుస్తున్నాడు, కానీ కోచ్ స్వింగ్ మొత్తం మార్చాలంటున్నారు, మార్చమంటారా అని అడుగుతున్నారు.

కోచ్: గెలుస్తున్నాడా? అయితే ఆ కోచ్‌ను ఒక ప్రశ్న అడగండి. ఏ లోపం, ఏ రోజున, ఏ పరిస్థితిలో బయటపడుతోందో చూపించమనండి. ఫాల్డో చూపించగలిగాడు. గాలి ఉన్న రోజున, ఆఖరి రోజున అని స్పష్టంగా చెప్పగలిగాడు. అలా చూపించలేకపోతే ముట్టుకోవద్దు. చూపించగలిగితే, రెండేళ్లపాటు కొడుకు ఓడిపోవడం చూడటానికి తండ్రి సిద్ధంగా ఉన్నాడో లేదో ముందు తేల్చుకోవాలి. కొడుకు సిద్ధంగానే ఉంటాడు. నా అనుభవంలో తట్టుకోలేనిది తండ్రే.

వ్యాఖ్యాత: సమయం అయిపోతోంది. మేడమ్, మీ ప్రశ్నతో మొదలుపెట్టాం. ఆరింట్లో ఎన్ని గెలిచాడు, ఎన్ని మిగిలిపోయాడు?

పాత్రికేయురాలు: 1990 సెయింట్ ఆండ్రూస్ ఎప్పుడూ ఆయనదే. 1992 ఇస్తాను. 1989లో సగం. 1987 గురించి కోచ్ గారు చెప్పిన మాట ఇంటికి వెళ్లి ఆలోచిస్తాను.

బ్యాంకు అధికారి: 1996?

పాత్రికేయురాలు: పన్నెండో హోల్ వరకు నార్మన్ ఓడాడు. పదమూడో హోల్ నుంచి ఫాల్డో గెలిచాడు.

కోచ్: 2 ఐరన్‌తో.

పాత్రికేయురాలు: 2 ఐరన్‌తోనే, సరేనా!

వ్యాఖ్యాత: రాతపూర్వకంగా తీసుకున్నాం. నమస్కారం.

కోచ్: ఇంకో విషయం, 1990 ప్లేఆఫ్ గురించి ఆమె ఏమీ చెప్పలేదు...

(మైకు ఆగింది)